అక్క కాపలా కాసిన బేస్

ఇప్పుడంటే ఆడపిల్లల ఆటల వీడియోలు ఇంటింటా చూస్తున్నారుగానీ, నేను డిగ్రీ చదివే రోజుల్లో మా వడమాలపేటలో బేస్‌బాల్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు లేరు. మా నాయనైతే అదేదో కంప్యూటర్ కోర్సు అనుకుని, చేరే ఫారం మీద సంబరంగా సంతకం పెట్టాడు. (మోకాళ్లకు మట్టితో నేను ఇంటికొచ్చాకగానీ ఆయనకు సంగతి తెలియలేదు.) మాకు మాత్రం ఏం తెలుసు? క్రికెట్ అలవాటుకొద్దీ బంతిని కొట్టి, బ్యాటు పట్టుకునే పరిగెత్తేవాళ్లం. బ్యాటు వదిలేయాలని డ్రిల్ సారు మొత్తుకుంటే, ఒక పిల్ల ఆయన పాదం మీదే వదిలింది. అప్పటినుంచి ఆయన దూరంగా నిలబడి పాఠం చెప్పేవారు.

అలాంటి మేము నగరి జట్టుతో ఆడిన ప్రతిసారీ ఓడాం. ఆ జట్టులో క్యాచర్, అంటే బ్యాటు పట్టినవాళ్ల వెనక కూర్చుని బంతి అందుకునే మనిషి, సాక్షాత్తూ మా పెద్దమ్మ కూతురు. ఈసారీ ఓడితే జట్టే ఎత్తేస్తామని కాలేజీలో తేల్చి చెప్పారు. నేను తెల్లవారకముందే లేచి, మిద్దెమీద గోడకు బంతి కొట్టీ కొట్టీ పక్కింటివాళ్ల చేత తిట్లు తిన్నాను. గెలిచి తీరాలంతే.

ఆట నగరిలోనే. పెద్దమ్మ మరమగ్గం ఆపేసి, గొడుగు వేసుకుని వచ్చి కూర్చుంది. ఇద్దరూ తన బిడ్డలేననీ, తాను ఎవరి తట్టూ కాదనీ ముందే ప్రకటించింది. ఆట ఆఖరుకొచ్చేసరికి రెండు జట్లూ సమానం. మాకు ఒక్క పరుగు చాలు. నేను బ్యాటు పట్టుకుని నిలబడగానే వెనకనుంచి అక్క మెల్లగా, "చిన్నమ్మకు మోకాలి నొప్పి ఎట్టుండాది మే?" అంది. పెద్దది అడిగితే చెప్పకపోవడం మర్యాద కాదు కదా. తగ్గిందక్కా అనేలోపు బంతి వెళ్లి ఆమె గ్లవ్‌లో పడింది. రెండోసారి మా ఎనుము ఈనిందా అని అడిగింది. దానికీ చెప్పాను, ఆ బంతీ పోయింది. మూడోదీ పోతే అవుటే. మూడోసారి ఆమె నోరు తెరిచేలోపే, "ఇంటికాడ మాట్లాడుకుందాంలే అక్కా" అని పళ్లు బిగించి కొట్టాను.

బంతి మైదానం చివరి గోడదాకా పోయింది. మూడు బేస్‌లూ, అంటే నేలమీద పరిచిన పలకలు, తొక్కుతూ దాటి, బయలుదేరినచోటికే తిరిగొచ్చి తాకితే పరుగు. మూడోది దాటేసరికి బంతి అక్క చేతికి రానే వచ్చింది. నేను తాకేలోపు ఆ బంతితో నన్ను తాకితే నేను అవుట్. ఆమె ఆ చోటుకు అడ్డంగా కాళ్లు తన్నిపెట్టి నిలబడింది. అప్పుడు పెద్దమ్మ గొడుగు పడేసి లేచి, "ఇడిసిపెట్టబాకు మే" అని అరిచింది. అది తనకేనని అక్క, నాకేనని నేను అనుకున్నాం. నేను ఆగలేదు, ఆమె జరగలేదు. దుమ్ము అణిగేసరికి నేను అక్క మీద, నా చెయ్యి బేస్ మీద, బంతి ఎక్కడో దూరంగా దొర్లుతూ ఉంది. అంపైరు రెండు చేతులూ చాపి అవుట్ కాదన్నాడు. మా వాళ్లు ఈలలు వేస్తుంటే కిందనుంచి అక్క, "లెయ్ మే, ఊపిరాడలే" అంది.

ఇద్దరి మోకాళ్లకూ పసుపు రాస్తున్న పెద్దమ్మను, ఎవరికోసం అరిచిందని అడిగాం. "ఎవురు ఇన్నారో వాళ్లకే సెప్పినా" అంది.

మా జట్టు నిలిచింది. మొన్న వేసవిలో నగరి వెళితే, పెరట్లో మామిడికాయలు కోస్తున్న అక్క ఒకటి నామీదికి విసిరింది. ఒంటిచేత్తో పట్టేశాను. చెయ్యి ఇంకా తిరగతా ఉండాదే నీకు అని మెచ్చుకుంది. తిరిగొచ్చే బస్సులో ఆ చెయ్యి నొప్పితో పైకెత్తలేక, ఎడంచేత్తో కడ్డీ పట్టుకుని వేలాడుతూ వచ్చాను, దారిపొడవునా నవ్వుకుంటూనే.