బొమ్మల మేడ ముంగట తువ్వాల

పోలీసు చర్య అయిన ఏడాది, నకిరేకల్ దగ్గరి పల్లెల చిన్నపిల్లలకు చదువు చెప్తుంటి. వాడకట్టు గురించి, మనం ఉండే వాడల ఇండ్లు బాటల గురించి, చెప్పమని పట్నం నుంచి బొమ్మల పుస్తకం పంపిన్రు. బొమ్మల ఉన్న బాట మీద వేలు పెట్టి, ఇంటి నుంచి బడి దాకా పొమ్మన్న.

నడుమ పెద్ద మేడ వచ్చింది. ఒక పిల్లగాని వేలు ఆగింది. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చంకల పెట్టుకొని, అప్పుడు వేలు జరిపిండు. మా ఊర్ల దొర ఉండే మేడ, గడి ముంగట అందరు గట్లనే పోవాలె. సంఘపోళ్లు తిరగబడితే ఉరికిపోయిన దొర పోలీసోళ్ల వెంట మళ్ల వచ్చి కూసున్నడు.

తనిఖీకొచ్చిన సారు మురిసిపోయిండు. "ఎంత మర్యాద!"

నా ఒళ్లు మండింది. "మర్యాద గాదు సారూ! తువ్వాల తియ్యలేదని వీని నాయినను గడి ముంగట కట్టేసి కొట్టిన్రు. మీ పుస్తకం రాకముందే వీనికి వాడకట్టు పాఠం అయిపోయింది."