లాల్‌దర్వాజాలో చేపల పాస్తా

కాకినాడ నుంచి నెల రోజుల శిక్షణకు హైదరాబాదు వెళ్తూ, తిరిగొచ్చేలోగా నాలుగు కిలోలు తగ్గుతానని మా ఆవిడకు మాటిచ్చాను. లాల్‌దర్వాజాలో అద్దె గది దొరికింది. మొదటి సాయంత్రమే కొరమీను ముక్కలు ఆవిరి మీద ఉడికించి, మిరియాలూ నిమ్మరసమూ వేసి పాస్తాలో కలిపాను. మర్యాదకొద్దీ ఇంటావిడ యాదమ్మగారికి ఒక గిన్నెడు ఇచ్చాను.

"ఏంది బిడ్డా, కారం లేదు, నూనె లేదు? పానం మంచిగ లేదా?"

"బాగానే ఉన్నానండీ. సన్నబడదామని."

అరగంటలో ఆవిడ వచ్చారు. నా గిన్నె చిన్నదని తన పెద్ద గిన్నెలో బగారా అన్నం, మటన్ కూర తెచ్చారు. ఎందుకండీ అంటే, "గిన్నె ఉత్తగ వాపస్ ఇస్తరా ఎక్కడన్న?" అని కసిరారు.

ఇక ఆవిడ గిన్నె నేను మాత్రం ఖాళీగా ఎలా ఇస్తాను? మర్నాడు పాస్తాతో నింపి ఇచ్చాను. నెలంతా అదే వరస.

బయల్దేరే రోజు నా ప్యాంటుకు గుండీ పట్టలేదు. యాదమ్మగారు చెయ్యి పైకెత్తి, మోచేతి దాకా జారిన గాజులు చూపించారు.

"రోజు రాత్రి నీ చేపల సేమ్యనే తిన్న బిడ్డా. మస్తు పనిచేసింది!"

రైలెక్కి మా ఆవిడకు ఫోన్ చేశాను. పాస్తా బ్రహ్మాండంగా పనిచేసిందని చెప్పాను. ఎవరికో చెప్పలేదు.