ఇంకా ఆరని పుస్తకాలు

నానబెట్టిన మెంతులను ఈ ఉదయం మిక్సీలో వేసి తిప్పాను. మూత తీయగానే ఆ చేదు వాసన వంటగదంతా కమ్ముకుంది. మా కోడలు ముక్కు మూసుకుని కిటికీ తెరిచింది. కొత్తగూడలో చాలా పై అంతస్తులో ఉంటుంది మా ఇల్లు. కిటికీలోంచి చూస్తే అద్దాల మేడలు, వాటి వెనక ఇంకా కడుతున్న మేడలు. నేను మాత్రం గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసనకు తడిసిన కాగితం వాసన కూడా తోడైతే అది మా సత్తెమ్మ పెద్దమ్మ ఇల్లు.

మా అపార్ట్‌మెంటులో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని అప్పుడప్పుడూ పిల్లలు వచ్చి చెప్పిపోతుంటారు. చక్కగా చెబుతారు. నేను తలూపి వింటాను. ఆ విద్యలో నాకు గురువు ఎవరో వాళ్లకు తెలియదు కదా. ఆమె గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. ఆమెను చూసినవాళ్లు ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు.

సత్తెమ్మతో మాకు రక్తసంబంధం లేదు, ఉమ్మడి గోడ ఉంది. మా నాయనకంటే పెద్దది కాబట్టి ఆయనకు వదిన, నాకు పెద్దమ్మ. డెబ్బయ్యవ దశకం మొదట్లో ఈ కొత్తగూడ పెద్ద పెద్ద రాతి గుండ్ల మధ్య ఒదిగిన చిన్న ఊరు. ఒకవైపు జొన్న చేలు, మరోవైపు సీతాఫలం పొదలు. పెద్దమ్మ భర్త చిన్న వయసులోనే పోయాడు. ఒక బర్రె, ఒక బీరపాదు, ఒక పెద్ద రాతి గోళెం, ఇవీ ఆమె ఆస్తి. ఆమె ఇంట్లోంచి బయటికి పారేసేది అంటూ ఏదీ ఉండేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, పొయ్యిలోని బూడిద అంట్లకు, అంట్లు తోమిన నీళ్లు బీరపాదుకు. చీర చిరిగితే బొంత అయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ చివరికి దీపంలో వత్తి. ఊళ్లోవాళ్లు "సత్తెమ్మ ఇంట్ల ఈగ గూడ ఉపాసమే" అని నవ్వేవాళ్లు. నాకు అప్పుడే కోపం వచ్చేది. తన కోసం ఆమె దాచుకున్నదేమీ లేదు. ఆమె కుట్టిన బొంతలో పడుకోని పసిపిల్ల మా వాడలో లేదు.

ఆమెకు పేరు తెచ్చినవి కాగితపు గంపలు. పాత కాగితాలు చింపి గోళెంలో నానేసేది. అవి మెత్తబడి గుజ్జయ్యాక నీళ్లు పిండేసి, నానిన మెంతులతో కలిపి రోట్లో దంచేది. ఆ ముద్దను బోర్లించిన కుండ వీపు మీద పలుచగా తట్టి, నీడలో కొంత, ఎండలో కొంత ఆరనిచ్చేది. ఆరాక కుండ మీదినుంచి టోపీ తీసినట్టు గంప ఊడి వచ్చేది. దానికి ఎర్రమన్ను పూసి, అంచుకు సున్నంతో చుక్కలు పెట్టేది. పెళ్లిళ్లలో అరిసెలూ లడ్డూలూ పెట్టడానికి ఆ గంపలే కావాలనేవాళ్లు. చాలా ఏళ్ల తరువాత, అసలు కాగితం పుట్టిందే చింకిబట్టలను నానబెట్టి దంచడం వల్ల అని గ్రంథాలయంలో చదివాను. పరుగున వచ్చి ఆమెకు చెప్పాను. "గట్లనా! అయితె నా పాత చీరె గూడ చదువుకున్నదే అన్నట్టు" అంది.

ఊళ్లో బడి ఐదో తరగతి వరకే. అది ముగిశాక నేను ఇంట్లో చిన్న తమ్ముణ్ణి చూసుకుంటూ ఉండిపోయాను. అమ్మా నాయనా రాళ్లు కొట్టే పనికి పోయేవాళ్లు. తమ్ముణ్ణి చంకన వేసుకుని పెద్దమ్మ వాకిట్లో కూర్చుని కాగితాలు చింపిపెట్టేదాన్ని. మొదటిరోజే ఆమె నా చేయి పట్టి ఆపింది.

"ఆగు బిడ్డా. చింపకు. ముందు అండ్ల ఏమున్నదో చదువు."

"పప్పు కట్టిన పొట్లం పెద్దమ్మా ఇది!"

"అయితేంది? చదివినంకనే నానెయ్యాలె. నా ఇంట్ల గదే కాయిద, గదే పద్ధతి."

కారణం ఆమే చెప్పింది. చదువు రాదు కాబట్టి ఒకసారి పెట్టె అడుగున ఉన్న పాత కాయిదాలన్నీ గోళెంలో వేసింది. అందులో భర్త పేరిట ఉన్న భూమి పట్టా కూడా నానిపోయింది. కాయిదం చూపమని పట్వారి అడిగాడు. ఈమె దగ్గర లేదు. ఆమె బావ, అంటే భర్త అన్న, ఆ చెలక భూమిని తనదని దున్నుకున్నాడు. తవుడు పోసిన ఒక గంపను నాకు చూపించి, "మా ఆయన భూమి గిండ్లనే ఉన్నది. బర్రె రోజూ దున్నుతది" అని పెద్దగా నవ్వింది. ఆ నవ్వు వెనక ఏముందో తెలుసుకునే వయసు నాకు అప్పుడు లేదు. కానీ ఆ రోజునుంచి నా కళ్లు దాటకుండా ఆ గోళెంలోకి ఏ కాగితమూ పోలేదు.

అలా నేను చదవడం నేర్చుకున్నాను. అక్షరాలు బడి నేర్పింది, చదువు ఈ వాకిలి నేర్పింది. పంచాంగం ముక్కలు, సబ్బు ప్రకటనలు, ఎవరో పిల్లవాడి లెక్కలు, ఎక్కడెక్కడివో వార్తలు. అన్నీ పైకి చదవాల్సిందే. పత్రికల్లో వచ్చే కథల కాగితాలు కూడా పొట్లాలుగా వచ్చేవి. వాటితోనే తిప్పలు. కథ మంచి పట్టులో ఉండగా కాగితం అయిపోయేది.

"తర్వాత ఏమాయె? ఆ పిల్ల ఇంటికొచ్చిందా లేదా?" అనేది పెద్దమ్మ, దంచే రోకలి ఆపి.

"ఏమో. గింతే ఉన్నది."

"గింతే అంటె ఎట్లనే? పో, శేటు దుకాణంల అడుగు. కడమ ముక్కల ఏం కట్టిండో."

నేను నిజంగానే పోయి అడిగాను. దుకాణం శేటు నన్ను ఎగాదిగా చూసి, "ఓ యాదమ్మా, నీ కథ రెండో సగంల చింతపండు కట్టి మణికొండోళ్లకు ఇచ్చిన. పోయి తెచ్చుకో" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను ఏడుపు మొహంతో వచ్చి చెబితే పెద్దమ్మ నవ్వలేదు. చేతులు కడుక్కుని, కొంగు సవరించుకుని, నన్ను వెంటబెట్టుకుని పంచాయతీ పక్కన పుస్తకాలుండే చదువుల గదికి బయలుదేరింది.

ఆ గదిని చూసుకునేది బడి పంతులు సుబ్బారావు సారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. అందరినీ అండీ అని పిలిచేవాడు. పెద్దమ్మ గడప దగ్గరే నిలబడి అంది:

"ఈ పిల్లకు అన్నీ సగం కథలే ఎరుక సారూ. కడమ సగం మీ తాన ఉన్నయట గద."

సారు కళ్లజోడు తీసి నవ్వాడు. "ఉన్నాయండీ సత్తెమ్మ గారూ. వచ్చి చదువుకోమనండి. చింపడం మాత్రం కుదరదు."

"చింపుడు నా పని. ఆమెది చదువుడే."

గోడ పొడవునా రెండు చెక్క బీరువాలు. అవే నాకు కళాశాల. పొద్దున తమ్ముడు నిద్రపోగానే పెద్దమ్మకు అప్పగించి పరుగెత్తేదాన్ని. కథలు, ప్రయాణాలు, గ్రహాల సంగతులు, తేనెటీగల పెంపకం, ఏది చేతికి వస్తే అది. సాయంత్రం పెద్దమ్మకు చెప్పేదాన్ని. అట్ట నుంచి అట్ట దాకా, మొదలూ చివరా ఉన్న కథలు. నాయనకు ఇదంతా వింతగా ఉండేది. "తమ్ముడు బడికి పోయేదాక చదువుకో. తర్వాత మాత్రం అమ్మెంబడి రాళ్లకు రావాలె" అని ముందే చెప్పాడు. నలుగురు తినే ఇంట్లో అది తప్పు మాట కాదు. అయినా ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా చేతిలో పుస్తకాన్ని గట్టిగా పట్టుకునేదాన్ని.

తమ్ముడు బడిలో చేరిన ఏడాదే శ్రావణంలో ముసురు పట్టింది. తెరిపి లేని వాన. చదువుల గది పైకప్పు ఒకవైపు కూలింది. నేను చేరేసరికి బీరువాలు నీళ్లలో ఉన్నాయి. సారు ఉబ్బిపోయిన పుస్తకాలను ఒక్కొక్కటే అరుగు మీద పెడుతున్నాడు. ఆయన చొక్కా అంతా సిరా మరకలు.

"పోయినట్టేనమ్మా," అన్నాడు నన్ను చూసి. తరువాత పెద్దమ్మకు కబురు పెట్టాడు. ఆమె రాగానే, "పట్టుకెళ్లండి సత్తెమ్మ గారూ. కుళ్లిపోయేకంటే గంపలన్నా అవుతాయి. పైవాళ్లకు నేను రాసుకుంటాను" అన్నాడు.

ఆ సాయంత్రం నాయన తమ్ముడికి అన్నం కలుపుతూ తేల్చేశాడు. "ఇగ గది గూడ కూలిపాయె. దసరా ఎల్లంగనే రాళ్లకు రా." అమ్మ నా కోసం, రాళ్ల తట్ట కింద నెత్తిన పెట్టుకునే తలకుదురు పాత గుడ్డతో చుట్టడం మొదలుపెట్టింది.

మరునాడు పుస్తకాలన్నీ పెద్దమ్మ ఇంట్లో గుట్టగా ఉన్నాయి. అప్పుడే పటేలు ఇంట్లో పెళ్లి. గంపలన్నీ తానే చేసి ఇస్తానని ఆమె మాట ఇచ్చి ఉంది. ముసురుకు కాగితం దొరక్క పరేషాన్ అవుతున్న మనిషికి ఇంత కాగితం ఇంటికి నడిచి వచ్చింది. గోళెం నిండా నీళ్లు పోసి, పీట వేసుకుని కూర్చుంది. ఒక పుస్తకం తీసి నాకు చూపించింది.

"ఇది చదివినవా?"

"లేదు."

"గిది?"

"లేదు పెద్దమ్మా."

ఇంకా కొన్ని అడిగింది. తరువాత అడగలేదు. లేచి, కడవతో గోళెంలో నీళ్లు తోడి బీరపాదుకు పోయడం మొదలుపెట్టింది. వాన పడుతూనే ఉంది, పాదుకు ఆ నీళ్లు అక్కరలేదు. గోళెం ఖాళీ అయ్యేదాకా పోసింది.

గంపలు చేసి ఇవ్వలేనని చెప్పడానికి పటేలమ్మ దగ్గరికి తానే పోయింది. నేనూ వెంట ఉన్నాను. పటేలమ్మ అందరిముందూ అంది: "ఏందే సత్తెమ్మా, నోటి మాట గూడ నీ కాయిదమే అనుకున్నవా, నానేసి పిసుకుతె పోతదని?" పెద్దమ్మ తల వంచుకుని, "తప్పు నాదే పటేలమ్మా" అని వచ్చేసింది. మాట తప్పిందని అనిపించుకోవడం ఆమెకు జీవితంలో అదే మొదలు. ఆ పెళ్లికి ఆమెను పిలవలేదు. దారిలో నేను ఏడుస్తుంటే, "నువ్వెందుకే? తిట్లు నాకు వడ్డయి, పుస్తకాలు నీకొచ్చినయి. లెక్క సరిపాయె" అంది.

పుస్తకాలు ఆరబెట్టడం మా ఇద్దరికీ తెలియదు. తప్పులు చేస్తూనే నేర్చుకున్నాం. మొదట పొయ్యి దగ్గర పెట్టాం, అట్టలు వంకర పోయాయి. నులక మంచాల మీద విప్పి పెట్టి, గుడ్డమూటల్లో బూడిద పోసి పుటల మధ్య దూరిస్తే తడి లాగింది. ఊడిన అట్టలకు పెద్దమ్మ తనకు తెలిసిన మెంతి ముద్దే పూసింది. ఎండ కాసిన రోజు వాటిని పెద్ద గుండు మీద వరసగా పెట్టాం. మేక ఎక్కని గుండు ఉంటుందా? మేం చూసేసరికి ఒక మేక ప్రయాణాల పుస్తకం అట్ట తినేసి, విషయసూచిక నములుతోంది. పెద్దమ్మ కట్టె పట్టుకుని, "నీకేమి తొందరే! యాదమ్మ ఇంక చదవలేదు!" అని అరుస్తూ దాని వెంట పడింది. తరువాత సుబ్బారావు సారు వచ్చి కుట్టుపని నేర్పాడు. పెద్దమ్మ పాత చీరల అంచులు పుస్తకాలకు వెన్నులయ్యాయి. పూర్తిగా కుళ్లినవి మాత్రమే, మొదటి పుట నుంచి కనబడినంత వరకు నేను చదివాక, గోళెంలోకి పోయాయి.

దసరా వెళ్లింది. నాయన గోడ అవతల నుంచి పిలిచాడు. పెద్దమ్మే సమాధానం చెప్పింది.

"పుస్తకాలు ఆరలేదు మల్లయ్యా. చూసెటోళ్లు ఎవరున్నరు? జర ఆగు."

దీపావళి వెళ్లింది. "అట్టలు ఆరినయి గని లోపల తడి ఉన్నది మల్లయ్యా." చలికాలంలో, "మంచు వడుతున్నది గద, ఎట్ల ఆరుతయి?" అప్పటికి ఆ పుస్తకాలు కట్టెల్లా ఎండి ఉన్నాయి. నేను ఒకదాని తరువాత ఒకటి చదువుతూనే ఉన్నాను. సాయంత్రాలు వాడలోని ఆడవాళ్లు వచ్చి కూర్చుంటే పైకి చదివేదాన్ని. కొన్నాళ్లకు గోడ అవతల నాయన దగ్గు కూడా వినిపించేది. ఆయన అక్కడే కూర్చుని వింటున్నాడని అందరికీ తెలుసు.

నడి వేసవిలో, గుండ్లు పెనాల్లా కాలుతున్న రోజున, నాయన మళ్లీ అడిగాడు. పెద్దమ్మ కన్ను కూడా ఆర్పకుండా, "ఇంక తడే ఉన్నది మల్లయ్యా" అంది.

నాయన నవ్వు ఆపుకుంటున్న గొంతుతో, "ఆ పుస్తకాలల్ల ఊట చెరువున్నదా ఏంది వదినా?" అన్నాడు.

"ఉన్నది. ఇంక తోడుతనే ఉన్నది నీ బిడ్డ. నడుమ గుంజకు."

ఆయన మళ్లీ రాళ్ల మాట ఎత్తలేదు. అమ్మ చుట్టిన తలకుదురు మూలనే ఉండిపోయింది.

వానలకు ముందే చదువుల గదికి రేకులు వేశారు. పుస్తకాలు తిరిగి చేర్చే రోజున నాయన పనికి పోలేదు. ఆ తలకుదురు తనే తీసి నెత్తిన పెట్టుకుని, అన్నిటికంటే పెద్ద కట్ట ఎత్తుకున్నాడు. నేనొక కట్ట, వెనక పెద్దమ్మ ఒకటి.

"మెల్లగ నడువు మల్లయ్యా, రాళ్లు గావవి!" అని వెనకనుంచి కేకేసింది పెద్దమ్మ.

"ఎరుకే వదినా. రాళ్లయితే ఇంత బరువుంటయా?"

దుకాణం ముందు శేటు లేచి నిలబడి, "ఏంది మల్లయ్యా, ఇయ్యాల కాయిదాలు మోస్తున్నవ్?" అని అడిగాడు.

అక్షరం రాని మా నాయన ఆగాడు. కట్ట బరువుకు మెడ తిప్పలేక, ముందుకే చూస్తూ అన్నాడు: "కాయిదాలు గావు శేటూ. మా బిడ్డ చదివిన పుస్తకాలు."

తరువాత ఆ గదిని చూసుకునే పనిలో సారు నన్ను చేర్చుకున్నాడు. ప్రైవేటుగా పరీక్షలు రాశాను. గ్రంథాలయంలోనే ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందాను. ఆ దుకాణం ఉన్న చోట ఇప్పుడు ఫ్లైఓవర్ స్తంభం ఉంది. కూరగాయలకు ఆ కిందుగానే వెళతాను. ఆఫీసు బస్సుల మధ్య, తలలు వంచి ఫోన్లు చూసుకునే పిల్లల మధ్య, అక్కడికి చేరగానే నా మెడ దానంతటదే నిటారవుతుంది. ముందు నాయన, వెనక పెద్దమ్మ. ఆ ఇద్దరి నడుమనే నేను ఇప్పటికీ నడుస్తున్నాను.