జట్టు మారినవాడు

ఇది జరిగి రెండేళ్ళయింది. బస్సులో కలిసిన ఆయన పేరు అడగలేదు.

ఖతార్‌లో అల్ ఖోర్ నుంచి దోహా వెళ్ళే బస్సులో, వచ్చే సీజన్‌కు జట్టు మారుతున్న సైకిల్ రేసర్ల జాబితా ఫోన్లో రాసుకుంటున్నాను. ప్రతి పేరుకూ ఎదురుగా పాత జట్టు, కొత్త జట్టు, నా అభిప్రాయం. పక్క సీట్లో నలభై ఏళ్ళ మనిషి, మాటను బట్టి జగిత్యాల వైపు. ఫోన్లో తెలుగు చూసి, ఒక పేరు చూపిస్తూ పలకరించాడు.

“ఈయనకేంది తమ్మీ, నమ్మకద్రోహి అని రాసినవ్?”

“ఆరేళ్ళు జట్టు లీడర్ అలసిపోకుండా, ముందు తొక్కుతూ ఎదురుగాలికి అడ్డం నిలిచాడన్నా. ఇప్పుడు తనే లీడర్‌నవుతానని వేరే జట్టుకు వెళ్తున్నాడు.”

“ఆరేండ్లల్ల ఒక్కసారన్న ఈయనను గెల్వనిచ్చిండ్రా?”

“గెలవడం ఆయన పని కాదు, లీడర్‌ని గెలిపించడమే.”

ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితం తీసి చూపించాడు. తొమ్మిదేళ్ళుగా తన ఊరి మేస్త్రీ కింద హెల్పర్. ఇప్పుడు ఇంకో కంపెనీ కార్పెంటర్‌గా తీసుకుంటానంది. ఆ రోజే దోహాలో, అల్ సద్‌లోని ఆ కంపెనీ ఆఫీసులో సంతకం పెట్టాలి.

“నన్ను ఈడికి తెచ్చిందే మా మేస్త్రి. మొన్నటిసంది నాతోని మాట్లాడ్తలేడు. నా పేరుకు ఎదురుంగ గూడ గదే రాస్తవా?”

జాబితా మూసేసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

ఆయన అల్ సద్‌లో దిగి, ఎండలోనే నిలబడి ఎవరికో ఫోన్ చేశాడు. మేస్త్రీకే అయ్యుంటుంది. అటునుంచి ఎత్తినట్టు లేదు, మళ్ళీ చేశాడు. బస్సు కదిలేసరికి మూడోసారి ఫోన్ చెవికి ఆనించుకుని, మెల్లగా ఆఫీసు వైపే నడుస్తున్నాడు.