పాతరలో దాచిన విత్తనం

కుప్పంలో పొద్దున బెంగుళూరు ప్యాసింజరు ఎక్కేవాళ్లు సీటు మీద ఆశ పెట్టుకోవద్దు. మాలూరు ఫ్యాక్టరీలకు పోయేవాళ్లు కండువాలు వేసి ముందే పట్టేసి ఉంటారు. ఆరున్నరకే స్టేషన్‌కు వెళ్లినా నేను నిలబడే ప్రయాణం చేశాను. బయలుదేరడానికి కారణం మా చిన్నాయన ఫోను.

"పాతర తెరుస్తా ఉండానమ్మా. మీ నాయన బదులు నువ్వు రావాల" అన్నాడు. నాన్న పోయి రెండేళ్లయింది.

కామసముద్రంలో ఒక అమ్మాయి ఎక్కి నా పక్కన నిలబడింది. నరసాపురం ఫ్యాక్టరీలో పనట. పాతరంటే ఏమిటని అడిగింది. రాగులు దాచడానికి భూమిలో బావిలా తవ్వే గొయ్యి, నోటికి బండ వేసి మట్టి మెత్తుతారు, ఎన్నేళ్లున్నా పురుగు పట్టదని చెప్పాను.

"ఓ, ఫ్రిజ్జు మాదిరి" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ పాతర తవ్వినవాడు మా ముత్తాత. పలమనేరు పక్క పల్లె నుంచి కేజీఎఫ్ బంగారు గనుల్లో పనికి వచ్చాడు. అక్కడి చాంపియన్ రీఫ్స్ గని కాలనీలో ఒంటిగది ఇంట్లో ఉంటూ, భూమి అడుగున దుమ్ము మింగి కూడబెట్టి, బంగారుపేట అవతల ఎవరికీ అక్కరలేని ముళ్లకంపల నేల కొన్నాడు. సెలవు రోజుల్లో నడిచి వెళ్లి రాళ్లు ఏరేవాడట. మా తాత అక్కడే కాపురం పెట్టి రాగి పండించాడు. నాన్నకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. కాపలా అక్కరలేదని చేనంతా నీలగిరి వేసి వెళ్లిపోయాడు. ఆ చెట్లు నేలలో తడి లేకుండా తాగేశాయి.

ఎనిమిదికి బంగారుపేటలో దిగాను. స్టేషన్ ఎదుట ఇడ్లీ బాగుంటుంది, చట్నీలో మాత్రం నీళ్లెక్కువ. కోలారు బస్సెక్కి, దారిలో దిగి, నరికేసిన నీలగిరి మొద్దుల మధ్య అరగంట నడిచాను. ఈ దారిన వచ్చేవాళ్లు నీళ్ల సీసా బంగారుపేటలోనే నింపుకోవాలి. మా చేలో బావి ఉంది గానీ అందులో ఉన్నది చెత్తే.

చిన్నాయన బండ పక్కనే కూర్చుని ఉన్నాడు. ఎవరో గోదాము కట్టడానికి ఆ నేల అడుగుతున్నారు. "మన రాగి మొలిస్తే మొద్దులు పీకించి చల్లుతాను. మొలవకపోతే సంతకం పెడతాను" అన్నాడు.

"అంగడిలో విత్తనం దొరకదా చిన్నాయనా?"

"దానికి నీళ్లు కావల్ల. బావి ఎండిపాయ. మన రాగి ఈ గులకరాళ్లల్లో వాన చుక్కకే బతికిండేది."

బండ తీసి మధ్యాహ్నం దాకా వదిలేశారు. తర్వాత తాడు కట్టి లాంతరు దింపారు. లోపల చెడ్డ గాలి ఉంటే దీపం ఆరుతుంది. గని మనిషి మా ముత్తాత నేర్పిన పద్ధతి. దీపం ఆరలేదు. కూలికి వచ్చినాయన దిగి గంపలతో రాగి పైకి పంపాడు. ముప్పై ఏళ్ల నాటి రాగి, నిన్న తూర్పారబట్టినట్టు ఉంది. అడుగున వేరే మూటలో విత్తనం.

మా ఇళ్లలో విత్తనం పాతరలో పెట్టరు. కంకులను వాసానికి వేలాడదీసి, ఏటేటా చల్లి, ఏటేటా కొత్తవి కట్టాలి. నీలగిరి వేసిన ఏడు చల్లడానికి నేల లేక, పాడవకుండా ఉంటుందని నాన్న దాన్ని కూడా పాతరలో వేయించాడు. పోయేదాకా "మన విత్తనం భద్రంగా ఉంది" అని మాతో అనేవాడు. మేమూ నమ్మాం.

చిన్నమ్మ గుప్పెడు గింజలు నానబెట్టి, తడిగుడ్డలో కట్టి, గడ్డిలో కప్పింది. రెండు రోజులు వాళ్లింట్లోనే ఉన్నాను. మూడో పొద్దున మూట విప్పితే పులిసిన వాసన వచ్చింది. మొలక ఒక్కటి లేదు.

"విత్తనం ఏటేటా మట్టి సూడాల. మా అత్త సెప్తానే ఉండె" అంది చిన్నమ్మ.

"అన్న సంపాలని దాచలేదులే" అన్నాడు చిన్నాయన. గింజలు వేలితో కెలికి కెలికి చూశాడు. నాకు నాన్న మీద పట్టరాని కోపం వచ్చింది. లేని మనిషిని ఏమని తిట్టాలి? మూడు తరాల కష్టం ఒక జాగ్రత్తతో పోయింది.

చిన్నమ్మ ఆ రాగినే విసిరి సంగటి చేసింది. మొలవదే గానీ తినడానికి ఏ లోపమూ లేదు. రుచి ఏమాత్రం తగ్గలేదు, అందుకే నాకు ఏడుపొచ్చింది. చిన్నాయన ముద్ద ముట్టకుండా లేచి గోదాము వాళ్లకు ఫోను చేశాడు. "సోమవారం రాండి" అన్నాడు. నా సంతకం కూడా కావాలన్నాడు, పెడతానన్నాను.

నాలుగు గంటలకు బంగారుపేటలో రైలెక్కాను. ఈసారి సీటు దొరికింది. ఒళ్లో చిన్నమ్మ కట్టిచ్చిన రాగిపిండి సంచీ. కిటికీ బయట కామసముద్రం దాకా నీలగిరి తోపులే. అందులో ప్రతి తోపూ ఒకప్పుడు ఎవరో రాళ్లు ఏరిన చేనే. ఈ దారిలో చూడదగినదేమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఎదుటి సీట్లో పెద్దావిడ సంచీ వైపు వంగింది. "రాగిపిండా? మంచి వాసన. యాడ కొన్యావమ్మా?"

"మా చేనిది."

"ఇంగ వచ్చే ఏడు నాకూ రెండు కేజీలు తెచ్చియ్యమ్మా."

సరేనన్నాను.