ఎడమకు పోయిన అవ్వ ముక్కుపుల్ల

దేవరకొండలో మేము కిరాయికున్న ఇంట్లో బియ్యం సంచులు పెట్టుకునే చిన్న అర్ర ఒకటి ఉండేది. దానికి కిటికీ లేదు. ఆ ఒక్క గుణం చూసి ఎనభైల చివర్లో నేను దాన్ని ఆక్రమించాను. మూతబడ్డ ఒక స్టూడియో నుంచి ఫోటోలు పెద్దవి చేసే పాత ఎన్‌లార్జరు తెచ్చుకున్నాను. ఎర్ర బల్బు బిగించాను. అమ్మ పెళ్ళినాటి స్టీలు తాంబాలాల్లో మందునీళ్ళు కలిపాను. ఫోటో మధ్యలో తలుపు తీస్తే వెలుతురు పడి కాగితం నల్లబడిపోతుంది. అందుకని అమ్మ గిన్నె పట్టుకొని గడప బయటే నిలబడేది.

"జర బియ్యమియ్యిరా. ఎసరు మరుగుతాంది."

"ఆగమ్మా, ఫోటో ఇంక హైపో మందునీళ్ళల్ల ఉంది."

"ఆ హైపోనే ఉడకబెడత, తింటవా?"

ఇదంతా అవ్వ ఫోటో కోసమే అని చెప్పుకునేవాణ్ణి. అది సగమే నిజం. మా తాతకు ఒక్క ఫోటో కూడా లేదు. ఆయన ఎట్లా ఉండేవాడని అడిగితే అవ్వ కాసేపు గోడ వైపు చూసి, "మీసాలుండె" అనేది. అంతకుమించి గుర్తు రాకపోవడం ఆమెకు పెద్ద బాధ.

"నా మొఖమన్న మిగలనీ బిడ్డా. ఉన్నదున్నట్టు రావాలె," అంది.

ఫోటో కడిగే రోజు తనూ అర్రలోకొచ్చి బియ్యం సంచి మీద కూర్చుంది. తెల్ల కాగితాన్ని తాంబాలంలో ముంచాను. ముందు కనుపాపలు తేలాయి, తర్వాత చీర అంచు, ఆఖర్న ముక్కుపుల్ల.

"ఓయమ్మ, నేను నీళ్ళల్లకెల్లి వస్తున్న," అని అవ్వ తాంబాలం మీదికి వంగింది.

ఆరిన ఫోటోను అక్క చేతిలోకి తీసుకొని తల అటూ ఇటూ తిప్పింది. "తమ్మీ, అవ్వకు ముక్కుపుల్ల కుడికి కదా. గిందుల ఎడమకు పోయింది."

అక్క చెప్పింది నిజమే. నెగటివ్‌కు మెరిసే వైపు ఒకటి, మెరవని వైపు ఒకటి ఉంటాయి. ఎన్‌లార్జరులో మెరవని వైపు కిందికి, కాగితానికి ఎదురుగా ఉండాలి. నేను తిరగేసి పెట్టాను. ఆ మాట ఒప్పుకుంటే అయిపోయేది. కానీ అప్పటికే వాడకట్టంతా ఫోటోగ్రాఫర్నని చెప్పుకొని తిరుగుతున్నాను. గోడకున్న అద్దం తీసి అవ్వకిచ్చాను.

"అద్దంల చూస్కో అవ్వా, ఫోటోల చూస్కో. ఏమన్న ఫరక్ ఉందా?"

అవ్వ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చూసింది. "అచ్చం నేనే," అంది. తర్వాత అక్క వైపు తిరిగి, "నా ముక్కు నాకెరుకనా, నీకెరుకనా?"

అక్క తన ముక్కు తడుముకుంటూ వెళ్ళిపోయింది.

ఫోటో పటమై గోడకెక్కింది. దాని కింద కూర్చొని అన్నం తిన్నప్పుడల్లా పటానికి వీపు తిప్పి కూర్చునేవాణ్ణి. ఉన్నదున్నట్టు కావాలని ఆమె అడిగింది. నేను నా తప్పును కప్పుకోవడానికి ఆమె అద్దాన్నే వాడుకున్నాను. చివరికి ఒకనాడు సరైన ఫోటో కడిగి ఆమె ముందు పెట్టాను.

"తప్పు నాది అవ్వా. అప్పుడు తిర్లేసి పెట్టిన. గిది అసలుది."

అవ్వ అద్దం తెప్పించుకుంది. ఫోటోను, అద్దాన్ని మార్చి మార్చి చూసి ఫోటో నాకిచ్చేసింది.

"గిది నేను కాదు. మా అక్క లెక్కుంది."

"కాదవ్వా, మా కండ్లకు నువ్వు గిట్లనే కనవడతవ్."

"గట్లనా? ఇన్నేండ్లు మీరంత నన్ను ఉల్టా చూసిండ్రా?"

ఆ తర్వాత ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా పటం చూసి తల కొంచెం వంచితే చాలు, అవ్వ మంచినీళ్ళ కంటే ముందు అద్దం తెచ్చి, తనను అందులో చూడమని ఇచ్చేది. సరైన ఫోటో నా ట్రంకు పెట్టెలోకి పోయింది. నేను ఇంకోసారి క్షమించమని అడగబోతే నా వీపు తట్టింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. రెండిట్ల ఒకటన్న మంచిగ తీసినవ్."