పడవలో కర్చీఫ్

వీసా కాగితాలివ్వడానికి ఈ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్లాను. నా ముందు వనస్థలిపురం దంపతులు కూర్చున్నారు. పెళ్లయిన పాతికేళ్లకి గ్రీసులో శాంటోరిని దీవి చూడబోతున్నారు. దీవికి వెళ్లే పడవలో చౌక టికెట్‌కి సీటు నంబరుండదని ఆఫీసతను చెప్పాడు.

"అయితే ఏంది? ముందుగాల ఉరికి కిటికీ కాడ కర్చీఫ్ ఏస్తా" అన్నాడాయన.

ఆవిడ ఫోన్‌లోంచి తలెత్తలేదు. "పోయిన దసరాకు సూర్యాపేట బస్సుల గట్లనే ఏసినవ్. సీటు దొరికింది, బస్సు కదిలింది, నేను ఎల్‌బీ నగర్‌లనే ఉన్న."

ఆయన ఆఫీసతని వైపు తిరిగి, నంబరున్న టికెట్లే ఇమ్మన్నాడు.

ఇంతకీ మన కర్చీఫ్‌ని గ్రీసులో గౌరవిస్తారా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. వచ్చే నెల నాదీ చౌక టికెట్టే.